చెట్టూచేమా: కప్పులో కసివింద

రంగు కాఫీదే. చేదు కాఫీదే. పెనం మీద దోరగా వేగుతుంటే వచ్చే వాసనా ఇంచుమించు కాఫీదే. లేనిదల్లా ఒక్కటే... కెఫీన్! 'హమ్మయ్య, ఇంకేం కావాలి' అనుకునేవాళ్లు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. కానీ కెఫీన్ లేని ఆ గింజలో ఇంకేవో ఉన్నాయి. అవేం చేయగలవో 2016లో భద్రాచలానికి పొరుగునే ఉన్న ఓ జిల్లాకు తెలిసొచ్చింది.

వానలు వెనకబట్టాక కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు. రోడ్డుకు రెండువైపులా పసుపే పసుపు. మురుగుకాల్వల గట్ల మీద, బడి ప్రహరీల వెనక, పాడుపడ్డ ఇళ్ల ముంగిళ్లలో నడుమెత్తు పెరిగిన మొక్కలు, వాటి ఆకుల సందుల్లోంచి తొంగిచూసే చిన్నచిన్న పూలు. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేదాకా అవే. వంతెన దిగి దుమ్ముగూడెం వైపు తిరిగినా, చింతూరు వైపు తిరిగినా మళ్లీ అవే. ఎవరూ విత్తనం వేయరు, నీళ్లు పోయరు. అయినా ఏటా ఠంచనుగా అదే చోట లేస్తాయి. వాటిలో ఒకటి కసివింద.

పల్లెల్లో దాన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే, అంత కంపు. పశువులు కూడా మామూలుగా దాని జోలికి పోవు. అలాంటి మొక్కకు ఇంగ్లిషువాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసా? 'కాఫీ సెనా'! ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత దీన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

తంగేడు ఇంటి ఆడపడుచు

కసివింద శాస్త్రనామం సెనా ఆక్సిడెంటాలిస్. పాత పుస్తకాల్లో కేసియా ఆక్సిడెంటాలిస్ అని కనిపిస్తుంది. పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతం. అక్కణ్నుంచి బయల్దేరి ఆఫ్రికా, ఆసియాల్లో బీడు కనిపించిన చోటల్లా కాపురం పెట్టేసింది.

దాని చుట్టాలను మాత్రం మనం నెత్తిన పెట్టుకుంటాం. బతుకమ్మలో పేర్చే తంగేడు... తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఎండాకాలంలో బంగారు గుత్తులు వేలాడదీసే రేల... భద్రాచలం అడవుల్లో కోయల ఆటపాటలకు పేరిచ్చిన చెట్టు. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సునాముఖి, వానాకాలం కూరాకుగా వండుకునే తగిరిస. అందరిదీ ఒకటే వంశం. అందరికీ పసుపు పూలే, చిక్కుడులా కాయలే. గుణంలోనూ ఓ పోలిక ఉంది. వీటి ఆకుల్లోనో గింజల్లోనో గుజ్జులోనో ఆంత్రాక్వినోన్లనే రసాయనాలుంటాయి. కొద్దిగా పడితే కడుపు కదులుతుంది. రేల గుజ్జు, సునాముఖి ఆకు విరేచనానికి వాడేది అందుకే.

ఈ ఇంటివాళ్లు టీ కప్పుల్లోకి రావడమూ కొత్తేం కాదు. తంగేడునే తీసుకోండి. శ్రీలంకలో దాన్ని 'రణవర' అంటారు. ఎండబెట్టిన పూలను మరిగించి టీలా తాగడం అక్కడి ఇళ్లలో మామూలు. మనదగ్గరా ఈమధ్య తంగేడుపూల పొడి ప్యాకెట్లలో అమ్ముతున్నారు, మధుమేహానికి మంచిదంటూ. రక్తంలో చక్కెర తగ్గడమైతే ప్రయోగశాల ఎలుకల్లో కనిపించింది. మనుషులు మాత్రలు మానేసి దాన్ని నమ్ముకోవడానికి అది చాలదు. మాత్రలతోపాటు తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి తాగడం మేలు.

'సన్నబడే టీ' పేరుతో వచ్చే కొన్ని పొట్లాల వెనక అట్టను తిప్పి చూస్తే సునాముఖి ఆకు కనిపిస్తుంది. ఉదయానికల్లా కడుపు ఖాళీ, బరువు తూచే యంత్రం మీద ముల్లు కాస్త వెనక్కి! తగ్గింది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. వారం రెండు వారాలు మించి వాడితే పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. గుండె లయకు పొటాషియం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

కాఫీ ఎలా అయింది?

కాఫీ ఖరీదైన ప్రతిచోటా, ప్రతికాలంలోనూ జనం దానికి ప్రత్యామ్నాయం వెతుక్కున్నారు. బార్లీ వేయించారు, ఖర్జూరం గింజలు వేయించారు, చికోరీ వేళ్లు వేయించారు. చికోరీ ఏకంగా మన ఫిల్టర్ కాఫీలోనే తిష్ఠ వేసింది. కాఫీ-చికోరీ మిశ్రమమని అమ్మే పొడిలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలన్నది మన దేశంలో నిబంధన. అంటే మిగిలిన 49 శాతం దాకా చికోరీ ఉన్నా చట్టప్రకారం ఓకే!

పశ్చిమ ఆఫ్రికాలో, మధ్య అమెరికాలో ఆ స్థానం కసివిందకు దక్కింది. ఎండిన గింజలను నల్లబడేదాకా వేయించి, దంచి, మరిగించి తాగేవారు. 'మోగ్‌దాద్ కాఫీ' అన్న పేరుతో పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో దీని ప్రస్తావన కనిపిస్తుంది. మనదేశంలోనూ వనమూలికల పుస్తకాలు 'గింజలు కాఫీకి బదులుగా వాడతారు' అని ఓ ముక్క రాసి వదిలేశాయి. ఎంత వేయించాలి, ఎన్ని కప్పులు తాగాలి, ఎవరు తాగకూడదు... ఆ వివరాలేవీ ఉండవు. ఆ ఒక్క ముక్కే ఇవాళ 'కెఫీన్ లేని అడవి కాఫీ'గా ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పాకుతోంది.

అసలు కెఫీన్ తయారుచేసుకునే మొక్కలు తక్కువ. కాఫీ, తేయాకు, కోకో, ఆఫ్రికావాళ్ల కోలా, బ్రెజిల్ గ్వారానా, అర్జెంటీనా వాళ్లు గొట్టంతో పీల్చే మాటే... ఇలా. పురుగులు తన జోలికి రాకుండా మొక్క వేసుకున్న మందు అది. మనల్ని మాత్రం నిద్ర లేపుతుంది.

మాటే ఆకుకు ఓ చుట్టం ఉంది. పేరు యోపాన్. అమెరికా ఆగ్నేయ తీరంలో పెరిగే ఈ పొదలోనూ కెఫీన్ ఉంటుంది. అక్కడి ఆదివాసీలు ఆకులు వేయించి, నల్లటి కషాయం కాచుకుని వేడుకల్లో తాగేవారు. ఆ వేడుకలో వాంతి చేసుకోవడం కూడా ఓ తంతు. అది చూసిన తెల్లవాళ్లు తప్పంతా ఆకుదే అనుకున్నారు. 1789లో విలియం ఐటన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఐలెక్స్ వామిటోరియా అని నామకరణం చేశాడు. వామిటోరియా అంటే వాంతి తెప్పించేదని! పాపం, ఆ ఆకుకు ఆ గుణమే లేదు. పేరు పాడై యోపాన్ రెండు శతాబ్దాలకు పైగా మూలన పడి ఉంది. మన కసివింద కథ సరిగ్గా దీనికి తిరకాసు. దానికి పేరులో కాఫీ, గింజలో విషం.

కెఫీన్ గురించి భయం కూడా కాస్త కొలిచి పెట్టుకోవాల్సిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తానికి 300 మించొద్దన్నది ఆ సంస్థ సలహా. గర్భిణులు 200 దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. అంటే పొద్దునో కప్పు, సాయంత్రమో కప్పు తాగే ఇల్లాలు గీత దాటే అవకాశం తక్కువ. అన్నానికి గంట ముందు, గంట తర్వాత తాగకపోతే చాలు. టీ, కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. ఇంత మాత్రానికి కాఫీ మానేసి ఊరూపేరూ తెలియని గింజను ఆశ్రయిస్తే... పిల్లికి భయపడి పులి నోట్లో తల పెట్టినట్టే.

శబరి అవతల

భద్రాచలం నుంచి కూనవరం ఎంతో దూరం కాదు. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. శబరి వెంబడి పైకి వెళ్తే చింతూరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లాది, పోలవరం ముంపు మండలాల లెక్కలో 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. ఇంకాస్త పైకి వెళ్తే మోటు. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. ఆ నీళ్లు దాటితే ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా. గీతలు పటం మీదే. అటూ ఇటూ ఉన్నది కోయలే, మాట్లాడేది కోయే, వండుకునేదీ అవే ఆకులు.

2016 సెప్టెంబరులో మల్కాన్‌గిరి పల్లెల్లో పసిపిల్లలు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. నిన్నటిదాకా ఆడుకున్న బిడ్డ తెల్లారేసరికి వాంతులు చేసుకునేది. చిరాకు, పొంతనలేని ఏడుపు, మత్తు, ఆ వెంటనే మూర్ఛలు. ఆసుపత్రికి చేర్చేలోపు కొందరు, చేర్చిన ఒకటి రెండు రోజులకు కొందరు... రెండు మూడు నెలల్లో వందమందికి పైగా చిన్నారులు చనిపోయారు. ఎక్కువమంది అయిదేళ్లు అటూ ఇటూగా ఉన్నవాళ్లే.

మొదట అందరి అనుమానమూ మెదడువాపు వ్యాధి మీదకే వెళ్లింది. కొందరు పిల్లల రక్తంలో ఆ వైరస్ ఆనవాళ్లు దొరికాయి కూడా. దోమల మందు కొట్టారు. పందులను ఊరికి దూరంగా తరలించారు. టీకాల కార్యక్రమం తలపెట్టారు. అయినా లెక్క పూర్తిగా కుదరలేదు. వైరస్ ఆనవాళ్లు లేని పిల్లలే ఎక్కువ. పైగా వాళ్లలో చాలామందికి దెబ్బతిన్నది మెదడొక్కటే కాదు.

అప్పుడు రంగంలోకి దిగినవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చాలాకాలం పనిచేసిన వైరస్ నిపుణుడు డాక్టర్ టి.జాకబ్ జాన్. లక్నోలోని భారతీయ విషశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్త డాక్టర్ ముకుల్ దాస్. పల్లెలు తిరిగి, పిల్లలు ఏం తిన్నారో ఆరా తీస్తే తేలింది... 'బడా చాకుండా'. ఒడియాలో కసివిందకు అదే పేరు. అమ్మానాన్నలు చేలకు వెళ్లిపోతే ఇంటి పట్టున ఉన్న పిల్లలు ఆటల్లో ఆ కాయలు కోసి, గింజలు ఒలుచుకు తిన్నారు. పచ్చిగా ఉన్నప్పుడు అవి చూడటానికి ముద్దుగా, పెసర గింజల్లా ఉంటాయి మరి. మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం కసివింద విషమేనని నిపుణుల బృందం అభిప్రాయపడింది. అధికారులు ఊరూరా ఆ మొక్కలను పీకించే పని పెట్టారు.

బిజ్నోర్ పాఠం

జాకబ్ జాన్‌కు ఆ అనుమానం ఊరికే రాలేదు. పదేళ్ల కిందట పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఇదే కథ నడిచింది. బిజ్నోర్, సహరాన్‌పూర్ చుట్టుపక్కల జిల్లాల్లో ఏటా వానలు వెళ్లి చలి మొదలయ్యే వేళకు పిల్లలు ఇలాగే చనిపోయేవారు. జబ్బుపడ్డ నూరుమందిలో 75 మందికి పైగా బతికేవారు కాదు. అక్కడా ఏళ్ల తరబడి 'అంతుచిక్కని మెదడువాపు' అన్న మాటే పత్రికల్లో వచ్చేది.

బిజ్నోర్‌లో ప్రాక్టీసు చేసే పిల్లల డాక్టర్ విపిన్ వశిష్ఠకు అది నచ్చలేదు. వైరస్ అయితే ఏటా అదే నెలల్లో, పేద పల్లెల పిల్లలకే ఎందుకొస్తుంది? కాలేయం ఎందుకు దెబ్బతింటుంది? జాకబ్ జాన్, మరికొందరు వైద్యులతో కలిసి జబ్బుపడ్డ పిల్లలనూ, పడని పిల్లలనూ పక్కపక్కన పెట్టి వాకబు చేశారు. జబ్బుపడ్డవాళ్లలో కసివింద గింజలు తిన్నవాళ్లు బాగా ఎక్కువని తేలింది. 2007లో వైద్య పత్రికల్లో ఆ సంగతి ప్రచురించారు. కాలేయం, కండరాలు, మెదడు మూడింటినీ ఒకేసారి కొట్టే ఆ జబ్బుకు 'హెపటో మయో ఎన్‌సెఫలోపతీ' అని పేరుపెట్టారు. ఆ తర్వాత ఊళ్లలో ఈ మొక్క గురించి చాటింపు వేసి, పీకించిన చోట్ల జబ్బు తగ్గుముఖం పట్టింది. కొత్త మందు లేదు, టీకా లేదు. కలుపు తీశారంతే!

నిజానికి పశువుల డాక్టర్లకు ఈ సంగతి అంతకు ఎన్నో దశాబ్దాల ముందే తెలుసు. అమెరికాలోని టెక్సాస్‌లో దాణాలో కసివింద గింజలు కలిసిపోయి ఆవులు కూలబడిపోయేవి. కళ్లు తెరిచే ఉంటాయి, మేత కూడా తింటాయి, కానీ లేవలేవు. కండరాలు కరిగి మూత్రం కాఫీ రంగులో వస్తుంది. పందుల మీద, కోళ్ల మీద, మేకల మీద ప్రయోగాలు చేసి మరీ రాసి పెట్టారు. ఆ పుస్తకం పిల్లల వార్డుదాకా రావడానికి అంత కాలం పట్టింది.

లక్నో సంస్థ పరిశోధకులు తర్వాత ఇంకో అడుగు ముందుకేశారు. గింజల్లోని ఆంత్రాక్వినోన్లు... ఎమోడిన్, రైన్, ఫిసియాన్ లాంటివి... విషం సోకిన పిల్లల రక్తంలోనూ మూత్రంలోనూ దొరికాయని 2015లో చూపించారు. సునాముఖిలో కడుపు కదిలించే రసాయనాలకు ఇవి అన్నదమ్ములే. మోతాదు, శరీరం మారేసరికి అవే ప్రాణాంతకమయ్యాయి.

శరీరం అన్నచోట ఒక్క క్షణం ఆగాలి. అవే గింజలు నోట్లో వేసుకున్న పిల్లలందరూ చనిపోలేదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లిచీ పండ్ల కాలంలో జరిగిన పిల్లల మరణాల్లోనూ ఇదే కనిపించింది. రాత్రి అన్నం తినకుండా పడుకున్న బక్కచిక్కిన పిల్లలకే ఎక్కువ ముప్పు. కాలేయంలో నిల్వ చక్కెర లేని ఒంటికి విషం తోడైతే తట్టుకోలేదు. మల్కాన్‌గిరి మరణాలు వరి ఇంకా ఇంటికి రాని నెలల్లో జరిగాయన్నది మరిచిపోకూడదు. కడుపు నిండిన పిల్లవాడు కంపుకొట్టే మొక్క కాయలు ఎందుకు ఒలుస్తాడు?

వేయిస్తే పోదా?

కాఫీ ప్రియుల ప్రశ్న ఇదే. వేడికి విషం కొంత తగ్గుతుంది, నిజమే. తరతరాలుగా ఆఫ్రికాలో తాగినవాళ్లు బతికి బట్టకట్టిందీ అందుకే కావచ్చు. కానీ వేయించడం వల్ల పూర్తిగా పోతుందన్న భరోసా ఏ పరిశోధనా ఇవ్వలేదు. ఎవరి పెనం ఎంత వేడెక్కుతుందో ఎవరు చూడొచ్చారు? అడుగున మాడి, పైన పచ్చిగా ఉండే గింజలు ప్రతి వాయిలోనూ ఉంటాయి. అలాంటి పొడిని గర్భిణులు, బాలింతలు, కాలేయ జబ్బున్నవాళ్లు, పిల్లలు తాగకపోవడమే క్షేమం. కెఫీన్ వద్దనుకునేవాళ్లకు చికోరీ ఉంది, శొంఠి కాఫీ ఉంది, ధనియాల కాఫీ ఉంది. ఎండాకాలమైతే మన్యం సరుకు నన్నారి షర్బత్తు ఉండనే ఉంది. కసివింద దాకా వెళ్లాల్సిన అవసరమే లేదు.

మరి ఆయుర్వేదం దీన్ని మందు మొక్క అంది కదా? అంది. సంస్కృతంలో పేరు కాసమర్దం, అంటే దగ్గును అణచేది. ఆకు పసరు చర్మవ్యాధులకు రాయడమూ ఉంది. ఇంకో విచిత్రం. కాలేయానికి మంచిదంటూ దేశమంతా అమ్ముడయ్యే ఓ పాతకాలపు మూలికా మాత్రలో చికోరీతోపాటు కసివింద కూడా ఓ దినుసు! గింజ గుప్పెడు తిన్న పిల్లాడి కాలేయాన్ని కాటేసే మొక్కే, ఇంకోచోట ఇంకో రూపంలో, చిటికెడు మోతాదులో మందు జాబితాలో ఉంది. వైద్యుడు ఏ భాగం, ఎంత, ఎన్నాళ్లు అని లెక్క కడతాడు. పొయ్యి దగ్గర ఆ లెక్క ఉండదు.

కూరాకుతో తికమక

అడవి అంచున ఉండేవాళ్లకు కాఫీ కన్నా పెద్ద తలనొప్పి ఇది. కసివింద పక్కనే, అదే గట్టు మీద తగిరిస పెరుగుతుంది. దాని లేతాకు వానాకాలంలో మంచి కూర. ఛత్తీస్‌గఢ్‌లో చరోటా భాజీ అంటూ ఇష్టంగా తింటారు. 2005 తర్వాత అటు నుంచి వచ్చి భద్రాచలం అడవుల్లో గూడేలు కట్టుకున్న గుత్తికోయలకూ అది ఎరిగిన ఆకే. ఒడియాలో తగిరిస పేరు చాకుండా. కసివిందేమో బడా చాకుండా, అంటే పెద్ద తగిరిస. ఇక పొరపాటు పడటానికి ఎంతసేపు?

తేడా పట్టడం కష్టమేం కాదు. తగిరిస రెమ్మకు మూడు జతల ఆకులే. కొసలు గుండ్రంగా ఉంటాయి. కసివింద రెమ్మకు నాలుగైదు జతలు, కొసలు మొనతేలి ఉంటాయి. కాయ చూస్తే అసలు సందేహమే ఉండదు. తగిరిస కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగిన పుల్లలా ఉంటుంది. కసివిందది పొట్టిగా, బల్లపరుపుగా, అంచుల వెంబడి లేత గీతతో చిక్కుడు పోలికలో ఉంటుంది. పెద్దవాళ్లకు ఇవన్నీ తెలుసు. మూడేళ్ల పిల్లకు తెలియవు కదా!

బిడ్డ గింజలు తిన్నట్టు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు, ఉప్పునీళ్లు, పసర్లు వద్దు. 108కి ఫోన్ చేయాలి. తిన్న కాయ, కొమ్మ వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. దీనికి విరుగుడు మందు లేదు. రక్తంలో చక్కెర పడిపోకుండా గ్లూకోజు ఎక్కించడం, మూర్ఛలను అదుపుచేయడం, శ్వాసకు తోడ్పడటం... అంతే చేయగలిగింది. అందుకే గంటలు ముఖ్యం. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి నలభై యాభై కిలోమీటర్ల దూరంలో, వాగు అవతల ఉన్న గూడేనికి ఆ గంటలు ఎక్కడ దొరుకుతాయి? అక్కడ మొక్క పీకడమే వైద్యం.

పీకడానికీ ఓ వేళ ఉంది. పూత మీద ఉన్నప్పుడే లాగెయ్యాలి. కాయ ఎండి పగిలాక పీకితే గింజలన్నీ అక్కడే రాలి, వచ్చే ఏడు రెట్టింపు లేస్తాయి. అంగన్‌వాడీ చుట్టూ, బడి చుట్టూ, బోరింగు దగ్గర ముందు చూడాలి. పీకినవి కుప్పపోసి వదిలేయకూడదు.

జపాన్ కప్పు

జపాన్‌లో 'హబుచా' అని ఓ టీ ఉంది. గింజలు వేయించి మరిగించే టీ. కెఫీన్ ఉండదు. హబు అంటే అక్కడి విషసర్పం. పాము కాటుకు వాడతారని ఆ మొక్కకు ఆ పేరొచ్చిందంటారు. ఆ మొక్క ఏదో కాదు, కసివిందే! కానీ ఇవాళ హబుచా పొట్లం విప్పితే అందులో ఉండేవి కసివింద గింజలు కావు. తగిరిస జాతివి. పేరు పాతదే ఉంచి సరుకు మార్చేశారు. చైనా, కొరియాల్లోనూ తాగేది తగిరిస జాతి గింజల టీనే. అదీ పూర్తిగా నిర్దోషి కాదు, ఎక్కువైతే కడుపు జారుతుంది. అయినా కసివిందతో పోలిస్తే నయం.

తగిరిస గింజకు బజారూ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో మద్దతు ధర ఇచ్చి కొనే అటవీ ఉత్పత్తుల్లో చరోటా గింజలూ ఉన్నాయి. వాటిలోని బంకను కుక్కలు, పిల్లుల డబ్బా తిండి చిక్కబడటానికి వాడతారు. మనుషులు తినే పదార్థాల్లోనూ కేసియా గమ్ పేరుతో కలుపుతారు. ఐరోపావాళ్లు ఆ బంకకు రాసుకున్న నిబంధనల్లో మొదటి వాక్యంలోనే కసివింద పేరుంది... సరుకులో అది 0.05 శాతం లోపే ఉండాలని. అంటే పది వేల పాళ్లలో అయిదు పాళ్లు కూడా ఉండకూడదు!

గింజలు ఏరి అమ్మే ఆడవాళ్లకు మాత్రం ఆ శాతాలతో పనిలేదు. చాటలో పోసి చెరిగితే చాలు. పలకలు తేరి, రెండు కొసలూ ఏటవాలుగా చెక్కినట్టు నిగనిగలాడేది తగిరిస. గుండ్రంగా, చదునుగా, మసక గోధుమ రంగులో ఉన్నది కసివింద. దాన్ని ఏరి పొయ్యిలో వేస్తారు.